బంతి ఎటు పోయింది?

ఆదివారం ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్లు దుమ్ము దులపడానికి రెండు లావు పుస్తకాలను ఒకదానితో ఒకటి కొడతారు. పొడిగా వచ్చే ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా కుడి మోచేయి దానంతట అదే పక్కటెముకలకు ఆనుకుంటుంది. మూసిన దుకాణాల ముందు, పుస్తకాలు వెతుక్కునే జనం మధ్య, ఖాళీ చేతులతో అలాగే నిలబడిపోతాను. దళసరి టార్పాలిన్‌కు గోల్ఫ్ బంతి తగిలితే సరిగ్గా ఇదే చప్పుడు వచ్చేది. ఆ టార్పాలిన్ యాదగిరి గారిది. ఆయన బతికి ఉన్నంతకాలం ఆయన పేరుకు నేను ‘గారు’ చేర్చలేదు.

మాది మెదక్ వైపు దొరల కుటుంబం. ఖైరతాబాద్‌లో బంగళా ఉండేదట. నాకు ఊహ తెలిసేనాటికి మిగిలినవి రెండే: తాతగారి గోల్ఫ్ కర్రలున్న తోలు సంచి, ఆయన గురించి ఇంట్లో చెప్పుకునే ఒక మాట. “దొరవారు కొడితే బంతి గీత గీసినట్టు పోయేది.” నాంపల్లి స్టేషన్ వెనుక కిరాయి గదుల్లో పెరుగుతూ నేను ఆ మాటను పట్టుకునే తల ఎత్తుకుని నడిచాను. ముప్పై ఏళ్ల వయసులో, ఒక పెళ్లిలో, తాతగారితో ఆడిన ఒక పెద్దమనిషి నన్ను గుర్తుపట్టాడు. “వచ్చే నెల మాతో ఆడటానికి రా. ఆయన మనవడివి అవునో కాదో చూద్దాం” అన్నాడు. వస్తానన్నాను. అప్పటికి నేను ఒక్క బంతి కూడా కొట్టి ఎరుగను. మా ఇంటిపేరు ఇంకా చచ్చిపోలేదని నలుగురి ముందు చూపించాలి, అంతే.

కర్రల పిడులకు కొత్త రబ్బరు వేయించడానికి అబిడ్స్ సందులోని ఒక ఆటసామాన్ల దుకాణానికి వెళ్లాను. మేడ మీద యాదగిరి ఉంటాడని పంపించారు. అరవై దాటిన మనిషి, కొద్దిగా కుంటుతూ నడిచేవాడు. చిన్నప్పటినుంచి మైదానంలో ఆటగాళ్ల సంచులు మోసి, చివరికి కర్రలు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. నా సంచిని చూడగానే దాని తోలు మీద చేయి వేశాడు.

“గీ సంచిని నేనెరుగుదు. నాలుగేండ్లు నా భుజం మీదనే ఉన్నది. మీరు చిన్నదొరనా?”

వచ్చే నెల ఆట సంగతి చెప్పి, కొట్టడం నేర్పమన్నాను. ఆ సాయంత్రం నుంచే పాఠాలు మొదలయ్యాయి. డాబా మీద పది అడుగుల దూరంలో టార్పాలిన్ వేలాడేది. అంత దగ్గర్లో బంతి తగిలి పడిపోతుంది కాబట్టి, మైదానంలో అయితే అది ఎటు వంకర తిరిగేదో కంటికి తెలియదు. చేతులకే తెలియాలి. అందుకని ఆయనకొక పద్ధతి ఉండేది. కర్ర చివర బంతికి తగిలే ముఖానికి సుద్ద రాసేవాడు. నేను కొట్టగానే కర్ర తీసుకుని, సుద్ద మీద పడ్డ బంతి మచ్చను తానొక్కడే చూసుకుని, నన్ను అడిగేవాడు: “ఎటు పోయింది?”

“నేరుగా” అనేవాణ్ని. ప్రతిసారీ అదే జవాబు.

“చిన్నదొర బంతులన్నీ సక్కగనే పోతయి. మరి టార్పాలిన్ కుడిపక్కనే ఎందుకు చినుగుతున్నదో ఏమో” అనేవాడు, చిరుగుకు మాసిక వేస్తూ.

నా పట్టు చూసి, “గది కర్రనా, ఎవని గొంతన్ననా?” అనేవాడు. “నడుము జర వంచుండ్రి. బంతి లేచి నిలబడి మీకు దండం పెడ్తదా?” నడుము వంచడం నాకు చేతకాలేదు. బంతి కుడికి పోతోందని నాకూ తెలుసు. ఒప్పుకోవడానికి బదులు, ఎవరికీ తెలియకుండా రోజూ కొంచెం కొంచెంగా ఎడమకు తిరిగి నిలబడటం మొదలుపెట్టాను. ఆయన అదీ పట్టేశాడు. “ఎడమకు మళ్లి కొడితే బంతిని అడ్డంగ కోసినట్టు తగుల్తది. ఇంకింత కుడికి పోతది.”

“మా తాతగారు నడుము వంచి కొట్టారా? ఆయన బంతి గీత గీసినట్టు పోయేది” అన్నాను.

ఆయన సూది పక్కన పెట్టాడు. “మీ తాతకు గూడ గిదే రోగం. బంతి కుడికి చెట్లల్లకు పోయేది. నేను ముంగట ఉరికి, ఎవ్వరు చూడకుండ కాలుతోని మంచి గడ్డి మీదికి నూకేటోన్ని. సక్కగ పోయింది దొరా, అనేటోన్ని.”

“ఎందుకు?”

“కుడికి పోయిందని ఒక్కనాడు చెప్పిన.” తన మోకాలు చూపించాడు. “గీ సంచిల కర్రనే.”

ఆ గొంతులో కోపం లేదు. నాకే వచ్చింది. “అబద్ధం” అని, సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగాను.

ఆటరోజు వచ్చింది. నలుగురు పెద్దవాళ్లు వెనక నిలబడి చూస్తుండగా, వీపు నిటారుగా పెట్టి, ఎడమకు తిరిగి కొట్టాను. బంతి ఎడమగా లేచి, గాలిలో పెద్ద వంపు తిరిగి కుడివైపు చెట్లలోకి పోయింది. నా సంచి మోస్తున్న యాభై ఏళ్ల మనిషి అప్పటికే ముందుకు ఉరికాడు. నేను చేరేసరికి బంతి చెట్లకు పది అడుగుల ఇవతల, చదునైన గడ్డి మీద ఉంది. అతని బూటు కొనకు తడిమట్టి అంటింది.

“సక్కగనే ఉన్నది సార్” అన్నాడు నేల చూస్తూ.

పొద్దుటినుంచి నేను అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. పేరైనా అడగలేదు. నేను నిలబడే తీరు చూసే, నాకు నిజం చెప్పకూడదని అతను తేల్చుకున్నాడు.

“ఎక్కడ పడింది?” అని అడిగాను. చెట్టు వేళ్ల మధ్య ఒక గుంట చూపించాడు. బంతిని తీసుకెళ్లి అక్కడే పెట్టాను. బయటికి రావడానికి మూడు దెబ్బలు పట్టాయి. ఆ తరువాత తాతగారి ప్రస్తావన ఎవరూ తేలేదు. నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు.

మర్నాడు సాయంత్రం మేడ ఎక్కాను. యాదగిరి కర్రకు సుద్ద రాసి ఇచ్చాడు. కొట్టాను.

“ఎటు పోయింది?”

“కుడికి.”

మొదటిసారి ఆయన కర్ర ముఖం నావైపు తిప్పి మచ్చ చూపించాడు. “ఔ బిడ్డా. ఇగ నడుం వంచు, షురూ జేద్దాం.” నా కుడి చంకలో తువ్వాలు పెట్టి, అది జారకుండా కొట్టమన్నాడు. రెండు నెలలు పట్టింది. ఒక సాయంత్రం టార్పాలిన్ నడిమధ్య వేరే చప్పుడు వచ్చింది. “విన్నవా?” అన్నాడు, అంతే.

ఆ తరువాత రెండేళ్లు ఆ మేడకు వెళ్లాను. మోకాలి గురించి మాట్లాడాలని ప్రతి సాయంత్రం అనుకునేవాణ్ని. రేపు అడుగుదాంలే అనుకుని దిగివచ్చేవాణ్ని. ఆయన పోయిన సంగతి వారం తరువాత దుకాణంలో చెప్పారు. ఇల్లు ఉస్మాన్‌గంజ్ దగ్గర ఎక్కడో అని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఆదివారాలు అబిడ్స్ నుంచి వచ్చాక, నాంపల్లిలో నేనుండే భవనం డాబా మీద తీగకు పాత దూది రజాయి వేలాడదీసి పది బంతులు కొడతాను. “సారు మళ్ల రజాయి దులుపుతున్నడు” అని కింది వాటా ఆవిడ కూతురితో అనడం వినిపిస్తుంది. అడిగేవాళ్లు లేరు కాబట్టి నేనే పైకి అడుగుతాను, ఎటు పోయిందని. ఎటు పోతే అటే చెబుతాను.

మొన్న ఆదివారం మొదటి బంతి కుడికి పోయింది. “కుడికి” అన్నాను. నడుము వంచి ఇంకొకటి పెట్టుకున్నాను.