ఆస్పత్రిలో నేను రాసిన శాపం

నా లింఫోమా ఏ కీమోకీ లొంగలేదు. హైదరాబాద్ డాక్టరు కొత్త వైద్యం గురించి చెప్పారు. నా రక్తంలోంచి రోగాలతో పోరాడే కణాలను తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా ల్యాబ్‌లో మార్చి, తిరిగి నాకే ఎక్కిస్తారట. "ఇంకా పరీక్షల దశలోనే ఉందండీ. మెదడు మీద కూడా ప్రభావం పడొచ్చు" అని దాచకుండా చెప్పారు. చావుకన్నా ఆ మాటే నన్ను భయపెట్టింది. కంఠస్థం చేసిన కీర్తనలన్నీ ఉన్నది ఆ తలలోనే కదా. అయినా సంతకం పెట్టాను.

బందరులో మా చర్చి సంఘ పెద్దకు నాగాయలంకలో రొయ్యల చెరువులున్నాయి. సంగతి తెలిసి ఆదివారం అందరి ముందూ, "దేవుడిచ్చిన రక్తాన్ని మార్పించుకునేవాళ్లకు ప్రభువు బల్లలో పాలుపొందే హక్కు లేదు" అన్నాడు. ప్రభు సంస్కారపు రొట్టె పళ్లెం నన్ను దాటిపోయింది. ఆ సంఘంలో ఏళ్ల తరబడి సండేస్కూలు నడిపినదాన్ని. అప్పట్నుంచి మోకాళ్ల మీద నేను అడిగింది స్వస్థత కాదు, తీర్పు.

మావారు రోల్డుగోల్డు నగలకు మెరుగు పెడతారు. మెత్తని మనిషి. "క్షమించెయ్యవే, నీ ఒంటికే మంచిది" అనేవారు.

కణాలు ఎక్కించాక నర్సు రోజూ ఒకే వాక్యం రాయించేది. రాత చెదిరితే మెదడుకు దెబ్బ తగులుతోందని గుర్తు. ఏ వాక్యమైనా సరేనంది. నేను రాశాను: "పెద్దయ్య చెరువుల్లో రొయ్యలన్నీ తెల్లమచ్చ తెగులుతో చావాలి."

"ఇదేం ప్రార్థనండీ!" అని నవ్వింది.

"ప్రభువుకు అర్థమవుతుందిలే అమ్మా."

తర్వాత జ్వరం పట్టుకుంది. ఒక ఉదయం పెన్ను పట్టుకుంటే గీతలే వచ్చాయి. నర్సు గడియారం చూపించి ఏమిటని అడిగితే పేరు నోటికి రాలేదు. మావారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు.

"వాణ్ణి తిట్టవే. ఒక్కసారి తిట్టు. రొయ్యలు చావాలి, అనవే!"

అనలేకపోయాను. మందులు మార్చారు. మర్నాడూ గీతలే. ఆ తర్వాతి ఉదయం అక్షరాలు వంకరగానే అయినా వచ్చాయి. కాగితం మీద రొయ్యలన్నీ చచ్చాయి, ఈసారి చేపలు కూడా.

"అంత కోపం వద్దండీ, బీపీ పెరుగుతుంది" అంది నర్సు.

"రాయనివ్వండమ్మా" అన్నారు మావారు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ వాక్యం కింద పెద్ద అక్షరాలతో 'ఆమెన్' అని రాశారు.