గండికోట అంచున నేను వేయని కేక

మా వాకింగ్ గ్రూపులో అందరూ చెప్పే కథ ఇది: గండికోట లోయ అంచున మా వదిన వెనక్కి పడబోతుంటే, నేను ఒక్క కేక వేసి ఆమె ప్రాణం కాపాడాను. హోసూరులో మా వీధి వీధంతా ఈ కథ తెలుసు. కృష్ణగిరిలో మా అన్న మామిడి మండీ దగ్గర టీ తాగేవాళ్లకూ తెలుసు. చివరికి మా వియ్యపురాలికి కూడా తెలిసింది.

కథ తప్పు. నేను కేక వేయలేదు.

దయ్యాలనూ భూతాలనూ నేను ఎన్నడూ నమ్మలేదు. కాలేజీలో ఫిజిక్స్ చదివాను, ప్లస్‌టూ పిల్లలకు చాలా ఏళ్లు అదే పాఠం చెప్పాను. మా ఇంటి వాస్తు బాగాలేదన్న పెద్దమనిషిని, "మీ ఇంటి వాస్తు అంత బాగుంటే మీకు బీపీ ఎందుకొచ్చింది?" అని అడిగి పంపినదాన్ని. దిష్టి గుమ్మడికాయ నడిరోడ్డున పగలగొట్టి బండ్లవాళ్లు జారిపడేలా చేసేవాళ్లతో ప్రతి అమావాస్యకూ నాకు గొడవే. ఇప్పుడు రాస్తున్నది దయ్యం సంగతని కూడా నేను అనడం లేదు. జరిగింది రాస్తున్నాను. ఎవరైనా వాదిస్తామంటే రండి, నేను నాతోనే వాదించి ఓడిపోయి కూర్చున్నాను.

ముందు మాకు మాటల్లేని సంగతి చెప్పాలి. వదిన పేరు జయమ్మ, మా అన్న భార్య. గండికోట సంగతికి నాలుగేళ్ల ముందు మా అమ్మాయి పెళ్లిలో మగపెళ్లివారి మధ్య కూర్చుని అంది: "తాళి కట్టేదాకా మా ఆడబిడ్డను నోరు తెరవనీకండప్పా! తెరిచిందంటే పెండ్లికొడుకు బెంగళూరు బస్సెక్కేస్తాడు."

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ మా వియ్యపురాలు నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్లయ్యాక వంటశాల వెనక వదినను నిలబెట్టి, "నా నోరు నీకంత బరువైతే, ఇంక నీతో తెరవనులే" అన్నాను. తెరవలేదు.

మాటల్లేవంటే ఎదురుపడలేదని కాదు. మన ఇళ్లలో ఈ తంతు తెలియనిదెవరికి? ఒకే పందిట్లో కూర్చుంటాం, ఒకే పంక్తిలో తింటాం. మాట మాత్రం మూడో మనిషి మీదుగా వెళ్తుంది. "ఆయమ్మకు సాంబారు కావాల్నేమో అడుగు." "వద్దంట అని చెప్పు." మూడో మనిషి లేకపోతే గోడకు చెప్తాం, పిల్లికి చెప్తాం. నాలుగేళ్లలో నాకది ఎంత అలవాటైందంటే, వదిన కనబడగానే నా తల దానంతటదే పక్కకు తిరిగి మూడో మనిషిని వెతుక్కునేది.

మా వీధిలో పద్మ అని ఒకమ్మాయి ఉంది. జమ్మలమడుగు వైపు మనిషి, హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తుంది. ఆడవాళ్ల వాకింగ్ గ్రూపు పెట్టింది తనే. చలికాలం వస్తే మమ్మల్నందరినీ ఏదో ఒక కొండ ఎక్కిస్తుంది. పోయిన చలికాలం, "ఎడారి లోయ చూడాలంటే రాజస్థాన్ దాకా ఎందుకక్కా, మా గండికోట చూద్దురుగాని రండి" అని బయల్దేరదీసింది. ఫొటోలు తీసే మనిషి ఉంటే బాగుంటుందని, నాకు చెప్పకుండా కృష్ణగిరి నుంచి మా వదినను పిలిచింది.

వదిన యాభై దాటాక కెమెరా పట్టింది. కృష్ణగిరి డ్యాం గట్టున కొంగలతో మొదలుపెట్టి, ఇప్పుడు ఎవరింట్లో ఏ శుభకార్యమైనా మెడలో కెమెరాతోనే వస్తుంది. బాగా తీస్తుందని నేను ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు, కానీ తీస్తుంది. ఒక పద్ధతి ఉంది ఆమెకు. చెడిన ఫొటోను కెమెరాలోనే, అక్కడికక్కడే చెరిపేస్తుంది. "కుళ్లిన కాయను బుట్టలో పెట్టుకుంటామా?" అంటుంది. మండీ ఇంటి కోడలు మరి.

తెల్లవారుజామున వ్యాను దగ్గరికి మంకీ క్యాపు పెట్టుకుని వెళ్తే, ముందు సీట్లో వదిన. వెనక్కి పోదామనుకున్నాను. పోతే వియ్యపురాలు మళ్లీ నవ్వుతుందని ఎక్కాను. దారి పొడవునా పద్మే మా ఇద్దరి మధ్య నలిగింది.

"మన హోసూరు పక్కన పారేదీ పెన్నానే, గండికోటలో పారేదీ పెన్నానే. రెండూ నంది కొండల్లోనే పుట్టి ఒకటి అట్ల, ఒకటి ఇట్ల పోయినాయని ఆయమ్మకు చెప్పు పద్మా" అంది వదిన.

"నాకు తెలుసని చెప్పు" అన్నాను నేను.

"నేనేమన్నా మీ ఇద్దరికీ పోస్టాఫీసునా అక్కా?" అని పద్మ దుప్పటి ముసుగేసి పడుకుంది.

గండికోట గురించి చాలామంది చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ముళ్లకంప, ఎర్రమట్టి, ఎండిన గడ్డి చూసుకుంటూ నడుస్తూ ఉంటాం, ఉన్నట్టుండి ముందు నేల ఉండదు. పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రరాయి నిట్టనిలువుగా దిగిపోతుంది, ఎక్కడో అడుగున సన్నగా పెన్నా. అంచున కంచె లాంటిదేం లేదు మేము ఉన్న చోట. పొద్దంతా రాళ్ల మీద నడిచి, తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రపు ఎండ పడే వేళకు జనం లేని ఒక వైపుకు చేరాం.

గ్రూపు ఫొటో అనుకున్నాం. మామూలుగా అయితే లోయకు వీపు పెట్టి నిలబడతారు. వదిన ఒప్పుకోలేదు. పడమటి ఎండ మా ముఖాల మీద పడాలి, వెనక ఎర్ర బండలు మెరవాలి అని మమ్మల్ని బండల ముందు వరసగా నిలబెట్టింది. తను మాకు ఎదురుగా, లోయకు వీపు చేసి నిలబడింది. చాలా దూరంగానే నిలబడింది, అది నిజం.

ఎండ ముఖాన కొడుతుంటే అందరూ కళ్లు చికిలించారు. నాకు నల్లద్దాలున్నాయి. వరసలో కుడి చివర నేను, నా పక్కన పద్మ.

"కొనన ఉండేవాళ్లు పట్టలేదు. రవంత లోపలికి జరగండమ్మా" అంది వదిన.

కొనన ఉన్నది నేను. నన్ను నేరుగా అనలేక 'కొన' అంది. నేరుగా అనలేదు కాబట్టి నేను జరగలేదు. పద్మకు చెప్పి చెప్పించి ఉంటే జరిగేదాన్ని, మా లెక్క ప్రకారం అదే మర్యాద. వదిన ఇంకోసారి అంది. నేను వేలెడంత కూడా కదల్లేదు. నన్ను ఫొటోలో పట్టించడానికి ఆమె వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కెమెరా కంటికి ఆనించి, మీట మీద వేలు తీయకుండా, టకటకా వరసగా తీస్తూ, ఒక్కో అడుగే వెనక్కి.

మిగతావాళ్లకు ఎండలో ఆమె ఒక నల్లటి నీడగా మాత్రమే కనిపించిందట. నాకు నల్లద్దాల్లోంచి అంతా స్పష్టంగా కనిపించింది. ఆమె చెప్పులు, చెప్పుల వెనక రాతి అంచు, అంచు వెనక ఖాళీ.

నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. నేను పద్మ వైపు తల తిప్పాను, "ఆయమ్మకు చెప్పు" అనడానికి.

అప్పుడు వినిపించింది.

"వొదినా, నిల్లు! ఆడనే నిల్లు!"

అది నా గొంతు. అందులో అనుమానం లేదు. ఏళ్ల తరబడి క్లాసు చివరి బెంచీదాకా అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు అది. కాకపోతే మనం మాట్లాడితే మన గొంతు మనకు లోపలినుంచి వినిపిస్తుంది. ఇది, ఫోనులో రికార్డు చేసుకున్న మన మాట మనం విన్నప్పుడు ఎలా పరాయిగా ఉంటుందో అలా, బయటినుంచి వినిపించింది.

వదిన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. తిరిగి చూసింది. అంచున ఒక రాతి పెచ్చు ఊడి జారిపోయింది. అది కింద పడిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు. ఆమె అక్కడే నేల మీద కూలబడి, పాకుతూ మా వైపు వచ్చింది. వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది.

"నాలుగేండ్ల తర్వాత వొదినా అన్నావు కదే నిర్మలా! నువ్వు పిలవకపోతే ఈపాటికి నేను పెన్నాలో ఉండేదాన్ని కదే!"

నేను కాదని చెప్పాలని నోరు తెరిచాను. ఆమె నా భుజం మీద వణుకుతోంది. పద్మ ఒక చెవి మూసుకుని, "నా చెవి పక్కనే అరిస్తివి కదక్కా, ఇంకా గుయ్యిమంటాంది" అని ఏడుస్తూనే నవ్వుతోంది. నేను నోరు మూసుకున్నాను. ఆ ఒక్క రోజులో అది రెండోసారి.

ఆ తర్వాత అంతా మంచే జరిగింది. మా అన్న నాలుగేళ్ల తర్వాత ఆవకాయ జాడీ పట్టుకుని మా గడప తొక్కాడు. "నీ నోరు ఇన్నాళ్లకు ఒక మంచి పని చేసిందమ్మా" అన్నాడు. వాకింగ్ గ్రూపువాళ్లు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఆ శాలువా బీరువాలో ఉంది, ఇంతవరకూ మడత విప్పలేదు.

అరిచి మర్చిపోయాను కాబోలు, భయంలో మనిషికి ఏం చేసిందీ తెలియదు అని నాకు నేనే చెప్పుకున్నాను. అదే నిజమైతే బాగుండేది. కానీ ఒకరోజు మాటల్లో వదిన అంది: "నీ పిలుపు నా ఎనకనుంచి వచ్చిందమ్మా. అందుకే ఎనక్కి చూసినాను." ఆమె వెనక లోయ తప్ప ఏమీ లేదు. పద్మ చెవి పక్కన అరిచిన గొంతు ఆమె వెనకనుంచి ఎలా వస్తుంది? అవతలి గోడకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని అనుకున్నాను. అదే పాఠం పిల్లలకు చెప్పినదాన్ని. కానీ ప్రతిధ్వని రావాలంటే ముందు ధ్వని ఉండాలి.

మరెవరో తమ వదినను పిలిచి ఉంటారా? ఆ వైపు మేము తప్ప ఎవరూ లేరని పద్మ ఒట్టేసి చెప్పింది. పైగా అక్కడివాళ్లు "ఆగు" అంటారట, ఆ "నిల్లు" మన హోసూరు మాటేనంది.

నెల తర్వాత కృష్ణగిరి వెళ్లినప్పుడు, ఆ రోజు ఫొటోలన్నీ చూస్తానని వదినను అడిగాను. లాప్‌టాప్ నా ముందు పెట్టి కాఫీ కలపడానికి వెళ్లింది. ఆమె వెనక్కి నడుస్తూ వరసగా తీసినవన్నీ అందులో ఉన్నాయి. సగం వంకర, సగం మసక. ఒక్కటీ చెరపలేదు.

ఒక్కొక్కటే ముందుకు జరుపుతూ చూశాను. మేము చిన్నవాళ్లమవుతూ ఉంటాం, వరస కాస్త కాస్త ఫ్రేములో పడుతూ ఉంటుంది. మొదట నేను నిటారుగా, మొండిగా, పెదాలు బిగించి ఉన్నాను. తర్వాత నా తల కొంచెం పక్కకు. తర్వాత పూర్తిగా పద్మ వైపు. ఆ తర్వాతి ఫొటోలో కెమెరా ఒక్కసారిగా ఊగింది, కేక వినిపించిన క్షణం అది. అందరూ వంకరగా, మసకగా ఉన్నారు. అయినా పద్మ చెయ్యి చెవి మీదికి లేస్తోందని తెలుస్తూనే ఉంది. నేను ఇంకా పద్మ వైపే చూస్తున్నాను.

నా నోరు మూసే ఉంది. దాని ముందు ఫొటోలోనూ మూసే ఉంది. తర్వాతి ఫొటోలోనూ మూసే ఉంది. రెండు ఫొటోల మధ్య రెప్పపాటు కాలంలో "వొదినా, నిల్లు, ఆడనే నిల్లు" అన్నన్ని మాటలు పట్టవు. చాలాసార్లు మళ్లీ మళ్లీ చూశాను. వరసలో ఎవరి నోరూ తెరిచి లేదు.

నల్లద్దాల వెనక నా కళ్లు ఎటున్నాయో ఆ ఫొటోలు చెప్పవు. అది నేనే చెప్తున్నాను. నేను అంచును చూశాను. చూసి కూడా, చెప్పి పెట్టే మనిషి కోసం వెతికాను. ఊరందరి మీదా నోరు చేసుకుని తిరిగేదాన్ని, ఒక్క మాట కావలసిన చోట నా నోరు పెగల్లేదు. అది భయమా, పౌరుషమా అని ఎవరైనా అడిగితే ఒట్టేసి చెప్పలేను. అందుకే ఆ శాలువా విప్పలేను.

వదిన కాఫీ తెచ్చింది. తెర మీద ఏ ఫొటో ఉందో చూసింది.

"కుళ్లిన కాయలు బుట్టలో పెట్టవు కదా, ఇవెందుకు పెట్టుకున్నావు?" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినిపించలేదు.

"అవి ఉండనీలేమ్మా" అంది. "కాఫీ చల్లారిపోతుంది, తాగు."

అంటే ఆమె ఎప్పుడో చూసింది. ఒక్కో ఫొటోనూ పెద్దది చేసి చూసే మనిషి, నా మూసిన నోటిని చూడకుండా ఉంటుందా? అయినా నిన్న కూడా చుట్టాల మధ్య, "మా నిర్మల పిలిచింది, నేను బతికినాను" అనే చెప్పింది. చెప్తూ నా వైపు చూడలేదు.

ఇది అచ్చయితే వదిన చదువుతుంది. చదివాక నాతో మళ్లీ మాటలు మానేసినా సరే, పద్మతోనైనా జవాబు చెప్పి పంపితే చాలు. వదినా, నేను తల పక్కకు తిప్పుకుని నిలబడి ఉంటే, నా గొంతుతో నిన్ను పిలిచింది ఎవరు?