ఊళ్లో ఎవరూ లేరు మేడమ్

ఉద్యోగం కొత్తలో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నన్ను అన్నం తింటుండగా ఆపి ‘చట్టం అంటే ఏమిటి?’ అని అడిగినా ముద్ద మింగకుండానే చెప్పేవాణ్ణి. చట్టానికీ నియమానికీ తేడా, ప్రతిపాదనకీ తీర్మానానికీ తేడా, రసీదుకీ వోచరుకీ తేడా, అన్నీ నోటికే. సత్తుపల్లి దగ్గర మా పెదనాన్న పామాయిల్ తోటలో, మోటారు షెడ్డు గుమ్మం మీద కూర్చుని, పోటీపరీక్ష కోసం బట్టీ పట్టిన సరుకది. పరీక్ష నెగ్గి పంచాయతీ కార్యదర్శినయ్యాను. భద్రాచలం వైపు అడవి అంచున ఒక కోయ ఊళ్లో పోస్టింగ్. మా అమ్మ దుప్పటీ, దోమతెరా, ఆవకాయ జాడీ సర్దింది. నేను గైడు పుస్తకం సర్దుకున్నాను. (ఆవకాయ మొదటి వారంలోనే అయిపోయింది. గైడు మాత్రం ఎంత వాడినా తరగలేదు, అదే ఆ ఊరి దురదృష్టం.)

నేను చేరిన నెలలోనే ఒక చిక్కు వచ్చిపడింది. మా ఊరి అంగన్‌వాడీలో పిల్లలు తక్కువగా ఉన్నారని, దాన్ని వాగవతలి ఊరి కేంద్రంలో కలిపేయాలని పైనుంచి ప్రతిపాదన వచ్చింది. ఆ సంగతి తెలిసి ఒక చిన్నమ్మాయి, పట్టుమని ఇరవై రెండేళ్లు కూడా ఉండవేమో, బిడ్డను చంకనేసుకుని ఆఫీసుకొచ్చింది. “సారూ, వానకాలం వాగొస్తే పిల్లలనెట్ల దాటియ్యాలె? నిరుడు అవతల చుట్టాలింటికి పోంగ గీ పిల్లనే నా చేతులకెళ్లి జారింది. జుట్టు దొరికింది గాబట్టి గిట్ల ఉంది” అంది. చంకలోని పిల్ల నా స్టాంపు ప్యాడ్ కేసి చేయి చాచింది. నేను ప్యాడ్ పక్కకి జరిపి, “అభ్యంతరం ఉంటే గ్రామసభ తీర్మానం చేయాలమ్మా, నోటిమాట చెల్లదు” అన్నాను. మండల ఆఫీసులో మా పై అధికారి, మేడమ్ కూడా అదే చెప్పింది. ఫలానా తేదీ సాయంత్రంలోగా తీర్మానం చేతికందితే మర్నాడు జిల్లా మీటింగ్‌లో ఆవిడ మాట్లాడుతుంది. లేకపోతే కేంద్రం అటే పోతుంది. గడువు ఆఖరి రోజునే గ్రామసభ పెట్టాను, అప్పటికైతే అందరికీ తెలుస్తుందని. గోడమీది క్యాలెండర్ చూశాను, అది సెలవు కాదు, పండగ కాదు. దర్జాగా నోటీసు రాసి ఆఫీసు తలుపుకి అంటించాను.

కోయల భూమి పండుగ ఏ క్యాలెండర్‌లోనూ ఉండదని నాకెవరూ చెప్పలేదు. ఊరి పెద్దలు కూర్చుని, విత్తనాలు వేసే ముందు ఏదో ఒక రోజు అనుకుంటారు, అంతే. ఎవరూ చెప్పలేదంటే నేను ఎవర్నీ అడగలేదని కూడా. ఆ పొద్దున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని బండి మీద వస్తుంటే, ఊరి మొగదల దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకి రెండు పక్కలా ఊళ్లోని ఆడవాళ్లంతా! పాటలు, చప్పట్లు, నవ్వులు. నన్ను చూసి తాడు ఇంకాస్త బిగించారు.

“సారూ, పండుగ పైసలియ్యి. ఇయ్యందే పోనియ్యం” అంది ముందు నిలబడ్డ పెద్దావిడ. మెడలో నల్లపూసల దండలు, చేతిలో బురద నింపిన ముంత.

మరొకడైతే పది రూపాయలిచ్చి, నవ్వి, పోయేవాడు. నేను బండికి స్టాండు వేశాను. “చూడమ్మా, ప్రజల దగ్గర డబ్బు వసూలు చేయాలంటే దానికో చట్టం ఉండాలి. చట్టం ఇచ్చిన అధికారం ఉన్న సంస్థ మాత్రమే వసూలు చేయాలి. ఈ ఊళ్లో ఆ అధికారం పంచాయతీకి ఉంటుంది. మీకు ఉండదు” అన్నాను. పాట ఆగిపోయింది. అంతమంది ఒక్కసారి నిశ్శబ్దమయ్యేసరికి నా పాఠం వాళ్లకి ఎక్కుతోందనుకున్నాను.

“పంచాయతీకైతే ఉంటదా?” అంది పెద్దావిడ.

“ఉంటుంది. అప్పుడు కూడా రసీదు ఇవ్వాలి.”

“ఏందీ, రసీదా?” ఆవిడ వెనక్కి తిరిగి కోయలో ఏదో అంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్లలో చంకన పిల్లనెత్తుకున్న ఆ చిన్నమ్మాయి కూడా ఉంది, అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది. పెద్దావిడ ముంతలో బొటనవేలు ముంచి, నా తెల్లచొక్కా జేబు మీద గట్టిగా ఒత్తింది. “ఇగో, రసీదిచ్చిన. ఇప్పుడియ్యి” అంది. ఇచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను? తాడు దించారు. బురద జేబుతో, ఎర్రబడ్డ చెవులతో, ప్రభుత్వ గౌరవాన్ని బండి వెనక కూర్చోబెట్టుకుని ఆఫీసుకి పోయాను.

ఆఫీసు దగ్గర పిట్ట లేదు. కుర్చీలు వేశాను, జంపఖానా పరిచాను, రిజిస్టరు తెరిచాను. ఎండ ముదిరింది. ఎవరూ రాలేదు. పక్కింటి ముసలాయన్ని అడిగితే, మగవాళ్లంతా పండుగ వేటకి అడవికి పోయారని, సర్పంచ్ కూడా పోయాడని చెప్పాడు. (వేట అనగానే నాకు ఇంకో చట్టం గుర్తొచ్చింది. ఆ మాట పైకి అనకపోవడమే ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని.) “జల్దీ వస్తారా తాతా?” అన్నాను. “జల్దీ ఎట్లొస్తరు? ఉత్తచేతుల్తోటి వస్తే ఆడోళ్లు పేడనీళ్లు పోస్తరు గద! ఏమన్న దొరికేదాంక అడివిల్నే తిరుగుతరు” అన్నాడు ఆయన, తను ఆ బాధ తప్పించుకున్నందుకు సంతోషంగా.

వాగులో జారిన పిల్ల కళ్లముందు మెదిలింది. ఆ ఊళ్లో సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండేది ఒక్క మంచినీళ్ల ట్యాంకు మెట్ల మీద. సగం మెట్లెక్కి, ఒక చేత్తో ఇనుప కమ్మీ పట్టుకుని మేడమ్‌కి ఫోన్ చేశాను. మాట సరిగా వినిపించక ఇద్దరం అరుచుకుంటున్నాం.

“గ్రామసభ అయిందా?”

“కాలేదు మేడమ్! ఊళ్లో ఎవరూ లేరు!”

“ఎవరూ లేకపోవుడేంది? ఊరు ఖాళీ చేసి పోయిన్రా?”

“అదికాదు మేడమ్! ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు మేడమ్!”

సిగ్నల్ పోయిందేమోనని ఇంకో మెట్టు ఎక్కి, మరింత గట్టిగా, “హలో, హలో! ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు!” అని మళ్లీ అరిచాను. ట్యాంకు ఊరి మొగదలే. తాడు దగ్గర పాట మళ్లీ ఆగింది. కిందికి చూస్తే ఆ మొహాలన్నీ నాకేసి తిరిగి ఉన్నాయి.

“గ్రామసభ అంటే ఏందో ఒకసారి చెప్పు” అంది మేడమ్, చాలా నెమ్మదిగా.

“గ్రామంలో ఓటరుగా నమోదైన వారందరితో కూడినదే...” అని మొదలుపెట్టాను. గడగడా వచ్చే వాక్యాన్ని సగంలో ఆపి కిందున్న ఆడవాళ్లకేసి చూశాను.

“పూర్తి చెయ్యి.”

“...గ్రామసభ మేడమ్.”

“నేను గూడ ఓటరునే. నన్ను గూడ లెక్కల్నుంచి తీసేసినవా?” అంది. తర్వాత, “సర్పంచ్ లేకుంటే ఉపసర్పంచ్ కూసుంటది. జల్దీ పో” అని పెట్టేసింది. ‘కూసుంటది’ అన్నమాట కొంచెం తేడాగా తోచింది. నాకు తెలిసిన ఉపసర్పంచ్ పెద్ద మీసాలాయన. నెలరోజుల్నుంచి ఆఫీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చుని, నేను తెప్పించిన టీ తాగి, “ఉపసర్పంచ్ గారూ” అని నేను దండం పెడితే తలాడించి పోతున్నాడు.

మెట్లు దిగడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. తల కొట్టేసినట్టయి తాడు దగ్గరికి నడిచాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. “ఉపసర్పంచ్ గారి ఇల్లు ఎక్కడమ్మా?” అని గొణిగాను. ఆడవాళ్లంతా పెద్దావిడకేసి చూశారు. పెద్దావిడ ముంత కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

“మీసాలోడు మా ఇంటాయన. నాకు మోకాళ్ల నొప్పని ఆఫీసుకు ఆయన్ను తోలిన. నేనే పంచాయతీని, చెప్పు కొడకా” అంది.

పొద్దున వసూలు చేసే అధికారం ఎవరికి ఉంటుందో ఆవిడకే విడమరిచి చెప్పాను కదా! భూమి పండుగ కదా, ఆ భూమి కాస్త నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. చిన్నమ్మాయి మాత్రం నన్ను వదల్లేదు. “సారూ, నువ్వు సభ అంటే మేం మొగోళ్ల సభనుకున్నం. మమ్ముల పిలిచినవా?” అంది. పిలవలేదు. తలుపుకి అంటించాను. ఆ తలుపు దాకా వచ్చేది మగవాళ్లే.

కుర్చీలు అక్కర్లేదన్నారు. ఇప్పచెట్టు నీడలో, తాడు పక్కనే, గ్రామసభ కూర్చుంది. (మధ్యలో ఒక ట్రాక్టరు వస్తే ఉపసర్పంచ్ గారు సభను ఆపి, పండుగ పైసలు వసూలు చేసుకుని వచ్చి మళ్లీ అధ్యక్షత వహించారు.) నేను రాత్రే రాసిపెట్టుకున్న తీర్మానం లేచి నిలబడి చదివాను. “అంగన్‌వాడీ కేంద్రము యొక్క విలీన ప్రతిపాదనపై గ్రామసభ తన అభ్యంతరమును వ్యక్తపరచుచూ, యథాతథ స్థితిని కొనసాగించవలసిందిగా తీర్మానించడమైనది.” చదువుతుంటే అంత సిగ్గులోనూ నాకు కాస్త గర్వంగానే ఉంది.

“అయిపోయిందా?” అంది చిన్నమ్మాయి. “గా కాగితంల వాగేడుంది సారూ?”

“వాగు రాయక్కర్లేదమ్మా. విలీనం అంటే...”

“పిల్లలేడున్నరు?”

కాగితం మళ్లీ చూసుకున్నాను. వాగు లేదు. పిల్లలు లేరు. ఆ కాగితాన్ని ఏ ఊరికైనా, ఏ పశువుల ఆసుపత్రికైనా పేరు మార్చి పెట్టేయొచ్చు. “మరైతే ఎట్లా రాయమంటారు?” అన్నాను. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చెప్పారు, నేను రాశాను. కలం ఆగినచోట ఉపసర్పంచ్ గారు “రాయి, రాయి” అని గదమాయించారు. “మా ఊరికీ పక్క ఊరికీ నడుమ వాగుంది. వానాకాలం వాగు పెద్దది, మా పిల్లలు చిన్నవాళ్లు. నిరుడు ఒక పిల్ల తల్లి చేతుల్లోంచి జారింది, జుట్టు దొరికింది కాబట్టి బతికింది. ఈసారి దొరక్కపోతే ఎట్లా? మా పిల్లలు మా ఊళ్లోనే తినాలి.” చివర్న ‘తీర్మానించడమైనది’ అని చేర్చబోయాను. “అదెందుకు?” అన్నారు. మానేశాను. సంతకాలు పెట్టేవాళ్లు పెట్టారు, వేలిముద్రలు వేసేవాళ్లు వేశారు.

సాయంత్రం మేడమ్ టేబుల్ ముందు నిలబడితే, ఆవిడ ముందు నా చొక్కా చూసింది, తర్వాత కాగితం చదివింది. ఇంకోసారి మొదట్నుంచి చదివింది. కళ్లద్దాలు తీసి, “భాష బాగుంది. ఎవరు రాసిన్రు?” అంది. “గ్రామసభ, మేడమ్” అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను చెప్పిన సరైన జవాబు అదొక్కటే. మర్నాడు జిల్లా మీటింగ్‌లో ఆవిడ ఏమీ మాట్లాడలేదట, ఆ కాగితం చదివి కూర్చుందట. కేంద్రం మా ఊళ్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత బదిలీలయ్యాయి, కారేపల్లి వైపు కొన్నాళ్లు, తల్లాడ వైపు కొన్నాళ్లు. ఇప్పటికి ఎన్ని తీర్మానాలు రాశానో లెక్కలేదు. కొత్తగా చేరిన పిల్లలు వచ్చి “సార్, మంచి తీర్మానం నమూనా ఉంటే ఇవ్వండి” అని అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా ఆ కాగితమే ఇద్దామనిపిస్తుంది, ట్యాంకు మెట్ల మీంచి అరుస్తున్న నా గొంతు వినబడి చెవులు వేడెక్కుతాయి, ఊరుకుంటాను. సొరుగులోంచి ఎప్పటి నమూనానో తీసి ఇచ్చేస్తాను. అందులో వాగు లేదు, పిల్లలు లేరు, వ్యాకరణ దోషాలు కూడా లేవు. ఆ కుర్రాడు దాన్ని భక్తిగా తీసుకుని వెళ్తుంటే, వెనక్కి పిలుద్దామా అని నోటిదాకా వస్తుంది. ఈమధ్య ఒకసారి పిలిచాను కూడా. “ముందు ఊళ్లోకెళ్లి ఎవరెవరున్నారో చూసిరా బాబూ” అన్నాను. నావైపు వింతగా చూసి, “చట్టంలో గట్ల రాసుందా సార్?” అన్నాడు.