‘అమాస’ నాలుగో ముద్రణలో మగ్గం చప్పుడు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు లింగయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. అది 2015, ఎండాకాలం మొదలు. నేను అప్పుడు హైదరాబాదులోని ఒక రికార్డింగ్ స్టూడియోలో సీనియర్ రికార్డిస్టును. కట్టంగూర్ నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో, ఒక నేత ఇంట్లో, ఒక పాటకు గాత్రం రికార్డు చేసుకు రమ్మని స్టూడియో నన్ను పంపింది. లింగయ్య ఆ పాట పాడవలసిన అమ్మాయి తండ్రి. ఆ సమయం నాకు గుర్తుండటంలో విశేషమేమీ లేదు. మా టేకు అప్పుడే మొదలైంది, ఫైలు మీద సమయం దానంతటదే పడుతుంది. ఆ ఫైలును తర్వాత పదేళ్లలో చాలాసార్లు తెరవవలసి వచ్చింది.

ఆల్బం పేరు ‘అమాస’. మా ప్రాంతంలో అమావాస్యను అలాగే అంటారు. అది గోథిక్ మెటల్ సంగీతం. ఆ పేరు వినని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. ఎలక్ట్రిక్ గిటార్ల శబ్దాన్ని కావాలని బొంగురు చేసి, నిదానంగా, బరువుగా వాయిస్తారు. సాధారణంగా రెండు గొంతులుంటాయి. ఒకటి కడుపులోంచి గుర్రుమనే మగ గొంతు, రెండోది తేటగా, సాదాగా సాగే ఆడ గొంతు. పాటల్లో చావు, శోకం ఎక్కువ. నేను ఆ సంగీతాన్ని ఇష్టపడి విన్నానని చెప్పలేను. శోకాన్ని తీపి చేసి పాడరన్నది మాత్రం నాకు నచ్చింది.

పాటలు రాసి, గిటారు వాయించి, గుర్రుమని పాడేది ఖాజా. జడ్చర్ల వాడు, అక్కడే మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్. రెండో గొంతు లింగయ్య కూతురు రేణుకది. నల్గొండలో డిగ్రీ చదువుతుండగా ఒక కాలేజీ కార్యక్రమంలో ఆమె పాట విని ఖాజా తన బృందంలోకి పిలిచాడు. డిగ్రీ అయ్యాక ఆమె ఇంటి దగ్గరే ఉండి తండ్రికి నేతకు కావలసిన నూలు కండెలు చుట్టేది. ఊరు వదిలి రోజుల తరబడి స్టూడియోలో ఉండటం కుదరదు కాబట్టి గిటార్లు, డ్రమ్స్ మా దగ్గర రికార్డు చేసి, ఇద్దరి గాత్రానికీ నన్ను వాళ్లింటికి పంపారు.

గాత్రానికి కావలసింది ప్రతిధ్వని లేని గది. మట్టిగోడలు, దండేల మీద వేలాడే నూలు చిలపలు, మూలకు పేర్చిన బట్ట మడతలు ఉన్న ఆ మగ్గం గదిలో చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. గోడలకు స్పాంజి అంటించిన మా స్టూడియో గది కన్నా తక్కువేమీ కాదు. చిక్కల్లా వీధితోనే. వాడకట్టు అంతా నేత ఇళ్లే, పొద్దున్నుంచి చీకటి పడేదాకా మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. అమావాస్య నాడు మాత్రం మగ్గం ముట్టరు, అది వాళ్ల సెలవు. అందుకని వరుసగా రెండు అమావాస్యలకు వెళ్లి ఒక్కటి తప్ప పాటలన్నీ ముగించాం. ఆల్బం పేరు అలా వచ్చింది. తర్వాతి కాలంలో ఈ సంగీతం గురించి రాసేవాళ్లు ఆ పేరులో చీకటి తత్వం చాలా చూశారు.

ఊళ్లో వాళ్లు చూసింది వేరు. అమావాస్య నాడు నల్ల చొక్కాలు వేసుకుని వచ్చి, తలుపులు మూసుకుని, మనిషిది కాని గొంతుతో అరుస్తున్నారంటే చేతబడి అని కొందరు అనుకున్నారు. పక్కింటి ముసలమ్మ అలా అనుకోలేదు. తలుపు తోసుకుని వచ్చి ఖాజాను కింద నుంచి పైదాకా చూసింది.

“బిడ్డా, నీ గొంతుల ఏం బుట్టింది? గట్ల మొత్తుకుంటున్నవు, దవాఖానల చూపిచ్చుకోరాదు?”

“రోగం లేదవ్వా. గది పాటనే.”

“మరి మా రేణుక పాడేదేంది?”

“అది గూడ పాటనే.”

“గట్లయితె నువ్వు ఊకో. పిల్లను పాడనియ్యి.”

రేణుక ఎంతసేపు నవ్విందంటే ఆ టేకు మళ్లీ తీయవలసి వచ్చింది.

మిగిలిన పాట పేరు ‘పడుగు’. మగ్గానికి నిలువుగా పరిచే దారాలు పడుగు, అడ్డంగా నేసేవి పేక. తల్లి పరిచిపోయిన పడుగు మీద కూతురు నేయడం ఆ పాటలో విషయం. మొదటి భాగంలో వాద్యాలు లేవు, గొంతు ఒక్కటే. డిస్కులు అచ్చు వేసేవాళ్లు ఇచ్చిన గడువు మూడో అమావాస్యకు ముందే వచ్చింది. ఖాజా ఇంటింటికీ తిరిగి, ఒక్క గంట మగ్గాలు ఆపమని అడిగాడు. అందరూ ఒప్పుకున్నారు. లింగయ్య ఒప్పుకోలేదు. ఆయన మగ్గం మీద ఒక పెళ్లి చీర ఉంది, నూలిచ్చి చీర తీసుకునే సేటు మనిషి సాయంత్రం బస్సుకు వస్తున్నాడు.

రేణుక గుంట పక్కన నిలబడి అడిగింది. “బాపూ, వాడకట్టంత ఆపిండ్రు. నువ్వొక్కనివి జర ఆగరాదు?”

“ఆగితె సాయంత్రం సేటుకు ఏం జెప్పాలె? నీ పాట మడతబెట్టి ఇయ్యాల్నా?”

“ఇయ్యి. నీ చీర కన్న ఎక్కువ దినాలుంటది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె నా వైపు తిరిగి, “కానియ్యుండ్రి సార్, మా బాపు ఆగడు” అంది. మైకును వెనక గదిలోకి మార్చి, తలుపుకు రెండు బొంతలు కట్టాం. ఒక్క టేకులో పాడింది. అంత చేసినా మగ్గం చప్పుడు సన్నగా పడింది.

ఇక్కడ మా పని గురించి చెప్పాలి. పాటకు మూడు దశలుంటాయి. రికార్డింగ్ అంటే శబ్దాలను పట్టుకోవడం. మిక్సింగ్ అంటే వాటి మధ్య పాళ్లు కుదర్చడం. మాస్టరింగ్ అంటే పాటలన్నిటినీ ఒక ఆల్బంగా సరిచేసి, అచ్చుకు పంపే ముందు చివరి స్థాయి నిర్ణయించడం. మొదటి ముద్రణకు మూడూ నేనే చేశాను. ఆ డిస్కులో మగ్గం ఉందని తెలిసినవాళ్లకే వినిపిస్తుంది. ఖాజా ఆ డిస్కులను కాలేజీల్లో, స్నేహితుల్లో పంచాడు. అట్ట మీద మగ్గం గుంట ఫోటో ఉండేది.

2017 వానాకాలంలో రేణుక డెంగీతో చనిపోయింది. ఖాజా ఫోన్ చేసి, “రేణుక లేదు సార్” అన్నాడు.

రెండో ముద్రణ మరుసటి ఏడు ఐరోపాలోని ఒక చిన్న కంపెనీ వేసింది. రెండు పాటలు అదనం. అట్ట మీద గుంట తీసేసి పాడుబడిన రాతి చర్చి బొమ్మ పెట్టారు. ఖాజా నాకు దాన్ని చూపించి, “మా దిక్కు గిసొంటి చర్చి యాడుంది సార్?” అన్నాడు. మాస్టరింగ్ వాళ్ల మనుషులే చేశారు. ఆ రోజుల్లో అందరికీ డిస్కు గట్టిగా మోగాలి. గట్టిగా మోగించాలంటే పెద్ద శబ్దాలను అణిచి, మొత్తం స్థాయిని పైకి తీసుకెళ్తారు. అప్పుడు అడుగున ఉన్న చిన్న శబ్దాలు కూడా పైకి తేలుతాయి. ‘పడుగు’లో మగ్గం పైకి తేలింది. మూడో ముద్రణలో వచ్చిన నల్ల ఎల్పీ రికార్డులకు, క్యాసెట్లకు కూడా ఆ మాస్టరే వాడారు. ప్రతి ముద్రణా దాచుకునే అభిమానులు ఈ సంగీతానికి ఉంటారు. ‘పడుగు’లో గొంతు వెనక వినిపించేది ఏ వాద్యమని వాళ్లు ఖాజాకు రాసేవారు. ఖాజా సంతోషించి జవాబులిచ్చేవాడు.

ఆ పాట తిరిగి తిరిగి ఊరు చేరింది. చాయ్ హోటల్లో ఎవరో కుర్రాళ్లు ఫోనులో పెడితే లింగయ్య విన్నాడు. మొదటి డిస్కులో ఆయన తన మగ్గాన్ని అప్పటిదాకా గమనించలేదు. ఇందులో కూతురి గొంతుతో సమానంగా వినిపించింది. సగం పాటలో చాయ్ వదిలి లేచి వెళ్లిపోయాడని, ఆ తర్వాత ఎవరినీ ఆ పాట పెట్టనివ్వలేదని ఖాజా చెప్పాడు.

2025లో పదో ఏటి ముద్రణ వేస్తామని కంపెనీ రాసింది. మాస్టరింగ్ ఈసారి మా స్టూడియోకు వచ్చింది. నా రిటైర్మెంటుకు మూడు నెలలున్నాయి. ఆ ఏడు మొదట్లోనే నా భార్య చనిపోయింది. కొల్లాపూర్ ఆమె పుట్టిల్లు, అస్థికలు అక్కడ కృష్ణలో కలిపి వచ్చాను. ఉద్యోగమంతా ఇతరుల గొంతులు రికార్డు చేశాను, ఇంట్లో ఆమె గొంతు ఒక్క నిమిషం కూడా లేదు. పనిలో పడితే మంచిదని అందరూ అన్నారు. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. పని ఉంది కాబట్టి వెళ్లాను.

ఒకరోజు ఖాజా లింగయ్యను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్లు కూడా ముట్టకుండా విషయం చెప్పాడు.

“సార్, గిప్పుడు మిషన్ల ఏ సప్పుడు గావాలంటె గది తీస్తరంట గద. అండ్లకెల్లి నా మగ్గం తీసెయ్యుండ్రి. పిల్లను ఒక్కదాన్నే ఉంచుండ్రి.”

ఖాజా అన్నాడు, “కాకా, గా సప్పుడుకే దునియా ఫిదా అయింది.”

“దునియాకు ఏమెరుక? వాడకట్టంత ఆగింది. కన్నోన్ని నేనాగలే. గది వినవడ్తాంది దాంట్ల.”

ఖాజా తల దించుకున్నాడు. మా పద్ధతి ప్రకారం నిర్ణయం క్లయింటుది, అంటే ఖాజాది. మాస్టరింగ్ చేసేవాడు సలహా చెప్పవచ్చు, అంతే. కంపెనీ ఆదేశం అప్పటికే వచ్చి ఉంది: స్థాయి రెండో ముద్రణతో సమానంగా ఉండాలి, మగ్గం ఉండాలి. ఖాజా కాసేపటికి, “తీసి చూడుండ్రి సార్” అన్నాడు. వారం తర్వాత రమ్మన్నాను.

మిశ్రమంలోంచి ఒక శబ్దాన్ని వేరుచేసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు అన్ని స్టూడియోల్లోనూ ఉంది. నేను పాత ఫైలు తెరిచి గాత్రం ఒక్కటే పెట్టుకుని పని మొదలుపెట్టాను. మగ్గం పోయింది. కానీ మాటల మొదళ్లు కూడా పోయాయి. తోడు వాద్యం లేనిచోట పాడేవాళ్లు నడకను ఏదో ఒకదాని మీద నిలుపుకుంటారు. రేణుక ఆ పూట తండ్రి మగ్గం మీద నిలుపుకుంది. పేకను బిగించే పలక దెబ్బ పడినచోటల్లా ఆమె మాట ఎత్తుకుంది. దెబ్బ, అక్షరం ఒక్కచోటే ఉన్నాయి. దెబ్బను తీస్తే అక్షరం తెగుతుంది. నాలుగు రకాలుగా చేసి చూశాను. ఎంత శుభ్రమైతే అంత నష్టం.

లింగయ్య వచ్చాక ఏదీ చెప్పకుండా హెడ్‌ఫోన్ పెట్టి, తీసేసిన పాటను వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

“పాట సాఫయింది సార్. పిల్ల పల్చబడ్డది.”

కారణం చెప్పాను. ఆయన పాదాల వంక చూసుకుంటూ విన్నాడు. తర్వాత, “అంటె నేనాగకపోతెనే పాడిందా?” అని అడిగాడు. అది నేను చెప్పలేనని అన్నాను. ఆగి ఉంటే ఎలా పాడేదో ఎవరికీ తెలియదు. ఆ పూట పాడింది మాత్రం ఇలా. అంతకన్నా ఓదార్పుగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఆయన హెడ్‌ఫోన్‌ను పక్కకు జరిపాడు. చివరకు, “మొదటి డిస్కుల ఎట్లుండె? శెవి పెట్టి వింటె గాని నా సప్పుడు వినవడక పోతుండె. గట్ల రాదా?” అన్నాడు.

వస్తుందన్నాను. మొత్తం ఆల్బం స్థాయి తగ్గించాలి. పక్కన వేరే డిస్కు పెడితే ఇది చిన్నగా మోగుతుంది, అమ్మేవాళ్లకు నచ్చదు. ఖాజా అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. “చిన్నగనే మోగనియ్యుండ్రి సార్. కంపెనీకి నేను రాస్త” అన్నాడు.

రాశాడు. కంపెనీ సగం ఒప్పుకుంది. డిస్కులు, ఎల్పీలు మా మాస్టర్‌తో వేసింది. ఇంటర్నెట్‌లో మాత్రం పాత గట్టి మాస్టరే ఉంటుందని చెప్పింది. ఈ రోజు ఎవరైనా ఆ పాట కోసం ఫోనులో వెతికితే లింగయ్యకు బాధ కలిగించిన ముద్రణే వినిపిస్తుంది. ఆయన అడిగినది కొద్దిమంది అభిమానుల అల్మారాల్లో ఉంది. అదే నేను చేసిన చివరి మాస్టరింగ్.

ఈ పని వల్ల నాకు తెలిసింది కొద్దిగానే. మళ్లీ ముద్రించడం పాతదాన్ని బాగుచేయడం కాదు, అది ఇంకొకదాన్ని తయారు చేయడం. ఒక గొంతు పాడినప్పుడు ఆ గదిలో ఏముంటే అది కూడా ఆ గొంతులో భాగమే. దాని స్థాయి తగ్గించగలం, పెంచగలం. తీసివేయలేం. పోయినవాళ్ల విషయంలో సాంకేతికంగా చేయగలిగింది ఇంతే.

రిటైరయ్యాక డిస్కు ఇవ్వడానికి ఆ ఊరు వెళ్లాను. అది అమావాస్య కాదు, అయినా వీధిలో చప్పుడు లేదు. నేసేవాళ్లలో కొందరు జడ్చర్ల ఫ్యాక్టరీలకు, కొందరు నల్గొండ దుకాణాలకు వెళ్లిపోయారు. లింగయ్య గుంట పూడ్చి సిమెంటు చేయించాడు. అక్కడ ఇప్పుడు ఒక మంచం, ఫ్యాను ఉన్నాయి. ఇంట్లో డిస్కు ప్లేయరు లేదు. ఖాజా ఆ డిస్కులోంచి పాటను ఆయన ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడట. రోజూ వింటారా అని నేను అడగలేదు. చాయ్ తాగి లేచాను. ఆయన బస్సు దాకా వచ్చి, ఆ వాడకట్టులో చివరిగా విప్పేసిన మగ్గం తనదేనని చెప్పాడు.

అక్కడ ఇప్పుడు అమావాస్యకు ఆపడానికి ఒక్క మగ్గమూ లేదు.