మేకలకి వంతులు వేసుకున్న వేసవి

1981 మే నెల పదహారో తేదీ, శనివారం, ఉదయం ఎనిమిదింపావుకి మేకలు ట్రక్కు దిగాయి. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, గడియారం చూడటం నేర్చుకుని అప్పటికి నాలుగు నెలలే. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ టైము చెబుతూ తిరిగేదాన్ని.

ఆ మేకలు ఎందుకొచ్చాయో చెప్పాలంటే ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పుకోవాలి.

మా తమ్ముడు నార్త్ కరోలినాలో ఒక పల్లెటూరి ఆసుపత్రిలో డాక్టరు. ఇప్పుడు మోరిస్‌విల్ వైపు వెళితే ఏ కూరగాయల కొట్లో నిలబడినా తెలుగు వినబడుతుంది. అప్పుడు మా కౌంటీ మొత్తానికి తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. మా ఆయన పోయాక, 1979లో, తమ్ముడు నన్ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. నాకప్పుడు యాభై రెండు. పాస్‌పోర్టు కాగితాల మీద వేలిముద్ర వేసి విమానం ఎక్కాను. తెలుగు అక్షరాలు మా మరదలు నేర్పింది, వంటయ్యాక, కూరలు తరిగిన బల్ల మీదే. ఇంగ్లీషు అక్షరాలు పక్కింటావిడ నేర్పింది. ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అందరినీ హనీ అనే పిలిచేది, నన్నూ, పోస్టుమాన్‌నీ, తన కుక్కనీ. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇంటి వెనక ఆవిడ తాత తవ్వించిన బావి ఉంది. ఎవరు వెళ్లినా ముందు ఆ నీళ్లు గ్లాసుతో ఇచ్చి, ఎలా ఉన్నాయని అడిగేది. బాగున్నాయనేదాకా వదలదు. నిజంగానే బాగుండేవి.

ఇక నా తెలివితక్కువ పని. వచ్చిన మొదటి వేసవిలో మా పెరటి కంచె దగ్గర ఒక తీగ కనబడింది. మూడేసి ఆకులు, నూగు కాడ, అచ్చం చిక్కుడు. మా గుంటూరు జిల్లాలో పుట్టిన ఆడమనిషికి అలాంటి తీగ కనబడితే చేసే పని ఒకటే, పందిరి వేయడం. తమ్ముడి షెడ్డులో ఉన్న కర్రలు నాలుగు పాతాను. బట్టలారేసే తాడు అడ్డంగా కట్టాను. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోశాను. అది రోజుకి జానెడు ఎదిగేది. నా చేతి చలవ అనుకున్నాను. వేసవి చివర ఊదా పూలు పూసింది, వాసన కమ్మగా ఉండేది. తర్వాత కాయలు కాసింది, ఒళ్లంతా గోధుమరంగు బొచ్చుతో. ఆ బొచ్చు గీకి కూర వండాను. మా తమ్ముడు ఒక ముద్ద పెట్టుకుని హాస్పిటల్‌లో పని గుర్తొచ్చిందని లేచిపోయాడు. మా మరదలు, పాపం, రెండు ముద్దలు తింది. అయినా నాకు అనుమానం రాలేదు. ముదిరిపోయాయి, వచ్చే ఏడు లేతగా కోయాలి అనుకున్నాను.

ఆ ఊరి ఆడవాళ్లు వాగుని బాగు చేయడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. రోడ్డుకీ వాగుకీ మధ్య ఎకరం పైన ఏటవాలు నేల ఉండేది. దాని మీద కుడ్జు అనే తీగ పడింది. చెట్లనీ, పాత కంచెనీ, రోడ్డు మలుపు దగ్గరి బోర్డునీ, రోడ్డు కింది తూమునీ దుప్పటి కప్పినట్టు కప్పేసింది. శనివారం శనివారం సంఘం వాళ్లు కత్తెరలూ కొడవళ్లూ పట్టుకుని వెళ్లి పదిన్నర దాకా కోసి, శాండ్‌విచ్‌లు తిని ఇళ్లకి పోయేవారు. మళ్లీ శనివారానికి కోసిన చోటల్లా మూసుకుపోయేది. మా మరదలు ఆ సంఘంలో ఉంది. నేనెప్పుడూ వెంట వెళ్లలేదు. కుడ్జు తీయడానికి వెళ్తున్నాం అంటే ఏదో ముళ్ల మొక్క అనుకున్నాను.

ఆ ఏడు ఏప్రిల్‌లో రోడ్ల ఆఫీసు మనిషి వచ్చి సంఘానికి ఒక మాట చెప్పిపోయాడు. జూన్ ఆఖరికి బోర్డూ తూమూ కనబడాలి. కనబడకపోతే తమ మనుషులు వచ్చి మందు కొడతారు. ఆ ఏటవాలుకి సరిగ్గా కిందే పక్కింటావిడ బావి. మందు కొడితే ఆ నీళ్లు తాగనని ఆవిడ, తాగనివ్వనని మా తమ్ముడు. ఫ్లోరిడాలో ఉన్న ఆవిడ చెల్లెలు, బావి లేకుండా ఆ ఇంట్లో ఎలా ఉంటావు, అమ్మేసి నా దగ్గరికి వచ్చేయమని ఫోన్ చేసేది. గది కూడా సర్దిపెట్టిందట. ఆవిడకి వెళ్లడం ఇష్టం లేదు. నాకు పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయి కిటికీలోంచి బావి వైపు చూసేది. అంతకు ముందు ఆవిడ పాఠం మధ్యలో ఆగిన మనిషి కాదు.

ఆ నెలాఖరున సంఘం మీటింగ్ మా ఇంట్లో. ఎండ హాయిగా ఉందని మరదలు పెరట్లో కుర్చీలు వేసింది. నేను పకోడీల పళ్లెం పట్టుకుని బయటికొచ్చేసరికి, వచ్చినవాళ్లంతా నా పందిరి ముందు చర్చిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. అప్పటికే తీగ కొత్త ఆకు వేసి కార్ షెడ్డు మీదికి ఎక్కుతోంది.

"ఏమంటున్నారే?" అని మరదలిని అడిగాను.

"వదినా, వాళ్లు ఏడాదిగా చంపుతున్నదాన్ని మనం నీళ్లు పోసి పెంచుతున్నామట."

"ఇది చిక్కుడు కాదూ?"

"కాదట."

"మరి నువ్వెందుకు చెప్పలేదు? ప్రతి శనివారం దీన్నే కదా కోసొచ్చావు."

మరదలు వాగు వైపు చెయ్యి చూపించింది. "అక్కడ నేల మీద పడి ఉంటుంది కదా వదినా. పందిరి మీద చూసేసరికి నేనూ చిక్కుడే అనుకున్నా."

సంఘం ప్రెసిడెంటు మర్యాదస్తురాలు. పకోడీ తీసి నోట్లో పెట్టుకుంది. పక్కింటావిడ మాత్రం నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. ఆ నెలలో ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. సిగ్గుపడాల్సింది నేను. ఆవిడ నవ్వు చూస్తే నాకూ నవ్వొచ్చింది.

వాళ్లటు వెళ్లగానే కొడవలి తీసుకుని పందిరి కూల్చేశాను. తీగ నడుమెత్తు కుప్ప పడింది. ఆ కుప్పని చూస్తే నాకు మేత తప్ప ఇంకేమీ కనబడలేదు. ఊరి అవతల ఒక రైతు ఉన్నాడు, నల్లజాతి వాళ్ల చర్చిలో పెద్దమనిషి. క్రిస్మస్‌కి మేకమాంసం ఆయన దగ్గరే కొనేవాళ్లం. తమ్ముణ్ణి కారు తీయమని, ట్రంకు నిండా తీగ కుక్కి, తీసుకెళ్లి ఆయన కంచె మీంచి విసిరాను. మేకలు కాడలతో సహా నమిలేశాయి. ఆయన టోపీ వెనక్కి నెట్టుకుని, తన తండ్రి ఆవులకి ఇదే వేసేవాడని, ఇప్పుడెవరూ ఆ సంగతి అడగరని చెప్పాడు. ఇరవై రెండు మేకలున్నాయి, వేసవంతా మేత దొరికితే మంచిదే అన్నాడు. అయితే కంచె లేని చోట వదలడు. కాయడానికి తన దగ్గర మనిషి లేడు.

తర్వాతి మీటింగ్ పక్కింటావిడ ఇంట్లో పెట్టారు. అంత పొడుగు ఏటవాలుకి కంచె కట్టడం అయ్యే పని కాదు. శనివారాలు అందరం కలిసి కాపలా ఉందాం అంది ప్రెసిడెంటు.

"మేకలు మంగళవారం తినవా అని అడుగు," అన్నాను మరదలితో.

మరదలు దాన్ని ఎంత తీపి చేసిందో గాని చాలాసేపు చెప్పింది. పక్కింటావిడ నా మొహం చూసి అసలు మాట పట్టేసింది.

అప్పుడు మా ఊరి పద్ధతి చెప్పాను. మా వీధిలో ఇంటికి రెండో మూడో మేకలుండేవి. ఎవరివి వాళ్లు కాసుకుంటూ కూర్చుంటే పొలానికి పోయేదెవరు. అందుకని మంద ఒకటే, కాపలాకి వంతులు. ఒక కర్ర ఉండేది. ఇవాళ కాసినవాళ్లు సాయంత్రం ఆ కర్రని పక్కింటి గుమ్మానికి ఆనించి పోతారు. తెల్లారి తలుపు తీసేసరికి కర్ర ఉంటే వంతు నీది. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా, ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. కర్ర ఎవరి గుమ్మం దగ్గర ఎండుతోందో వీధంతా చూస్తుంది, ఆ పద్ధతికి ఉన్న బలం అదే.

ఈ మాట వాళ్లకి ఒక పట్టాన ఎక్కలేదు. ఒకరి గుమ్మంలో చెప్పకుండా వస్తువు పెట్టి పోవడం బాగుండదన్నారు, ముందు ఫోన్ చేయాలన్నారు, కాగితం మీద పేర్లు రాసుకుందామన్నారు. కాగితం డ్రాయర్లో పెట్టి మర్చిపోతారు, కర్ర కాలికి తగులుతుంది అన్నాను. ఇంకా తర్జనభర్జన పడుతుంటే పక్కింటావిడ లేచి లోపలికి పోయి తన మొగుడి చేతికర్ర తెచ్చింది. దాన్ని తన గుమ్మానికే ఆనించి, "మొదటి వంతు నాది," అంది. డెబ్బై దాటిన మనిషి ఆ మాట అన్నాక మిగతావాళ్లూ వంతులకి ఒప్పుకున్నారు.

ఇక ఆ శనివారం. ట్రక్కు దిగిన మేకల్లో ఒక్కటీ ఏటవాలు వైపు పోలేదు. పది పోయి పక్కింటావిడ గులాబీల మీద పడ్డాయి. ఒక పోతు ప్రెసిడెంటు కొత్త కారు టాపెక్కి నిలబడింది. మా ఏడేళ్ల మేనకోడలు నా కొంగు లాగి, "అత్తా, గోట్ కార్ మీద ఉంది," అంది, నాకేదో కనబడనట్టు. సంఘం ఆడవాళ్లు చేతులు బార్లా చాపి మేకల వెంటపడ్డారు. తరిమితే మేక చెదిరిపోతుంది, ముందు నడిస్తే వెంట వస్తుంది. ఆ సంగతి అక్కడ తెలిసినవాళ్లం ఇద్దరమే, రైతూ నేనూ. ఆయనకి తెలుగు రాదు, నాకు ఆయన ఇంగ్లీషు సగం అర్థం కాదు. ఆయన మెడలో గంట ఉన్న మేకని పట్టి నా వైపు తిప్పాడు. నేను కుచ్చిళ్లు ఎగదోపి, ఒక తీగ తెంచి చేత్తో ఊపుకుంటూ, నాలుకతో చప్పుడు చేస్తూ, వెనక్కి చూడకుండా ఏటవాలు దిగసాగాను. వెనక గంట మోగింది. తర్వాత గిట్టల చప్పుడు. సగం దిగాక తిరిగి చూస్తే మేకలన్నీ బారులు తీరి వస్తున్నాయి, వాటి వెనక సంఘం అంతా వరసగా దిగుతోంది, ప్రెసిడెంటుతో సహా.

పన్నెండూ పదికి మలుపు బోర్డు తల బయటపడింది. దాని మీద బాణం గుర్తు చూసి చప్పట్లు కొట్టారు. ఒక బోర్డు కనబడితే అంత సంతోషపడిన జనాన్ని నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజు నుంచీ కర్ర గుమ్మం గుమ్మం తిరిగింది. రాత్రికి మేకల్ని పక్కింటావిడ పాత కొట్టంలో తోలేవాళ్లం. ప్రెసిడెంటు మొదటి వంతుకి గొడుగూ పుస్తకమూ తెచ్చుకుంది, మూడో వంతుకి రెండూ ఇంట్లో వదిలేసి వచ్చింది. మా వంతు వచ్చిన ఒకరోజు మా తమ్ముడు కాన్పు కేసు చూసి నేరుగా వచ్చి టై కట్టుకునే మేకలు కాశాడు. ఇంకో రోజు పక్కూరి వాళ్లు కారాపి, డాక్టర్ గారు ఉద్యోగం మానేశారా అని అడిగిపోయారు.

జూన్ ఆఖరి వారంలో రోడ్ల ఆఫీసు మనిషి వచ్చాడు. బోర్డు చూశాడు, తూములోంచి నీళ్లు పారడం వంగి చూశాడు. వేరు చావలేదు, మళ్లీ వస్తుంది అన్నాడు.

"మేకలూ మళ్లీ వస్తాయి," అంది పక్కింటావిడ.

ఆయన చేతిలో కాగితం మీద ఒక వరస కొట్టేసి సంతకం పెట్టాడు. మందు లేదు. ఆ సాయంత్రమే ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసి, నాకోసం సర్దిన గది ఎవరికైనా ఇచ్చుకో అంది. వేరు నిజంగానే చావలేదు. ఐదు వేసవులు కర్ర తిరిగింది, ఐదు వేసవులూ ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. నాకు పేపరు చదవడం వచ్చేదాకా వదల్లేదు.

మొదటి రోజు, ఆ మే పదహారున, అక్కడున్నవాళ్లు వీళ్లు. మేకల రైతు. జొన్నరొట్టెలు కాదు, మొక్కజొన్న రొట్టెలు తెచ్చిన ఆయన భార్య. సంఘం ప్రెసిడెంటు. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే ఆవిడ. మోకాళ్ల నొప్పులని కుర్చీ తెచ్చుకుని ఒక్కసారీ అందులో కూర్చోని ఆవిడ. ఒకే రకం టోపీలు పెట్టుకున్న అక్కచెల్లెళ్లిద్దరు. మా తమ్ముడు, మధ్యాహ్నం దాకా. మా మరదలు. మా మేనకోడలు. ఇరవై రెండు మేకలు. పక్కింటావిడా, ఆవిడ కుక్కా. నేను.