గుండ్ల గొలుసూ, దవడ కింది బిళ్ళా

ఆ కాలంలో మా బోధన్ వైపు రోగాలకు పేర్లు తక్కువ, మందులు అంతకన్నా తక్కువ. సలహాలు మాత్రం పంట కోతల్లో చక్కెర ఫ్యాక్టరీ ముందు నిలిచే చెరుకు బండ్లలా ఒకదాని వెనక ఒకటి వచ్చి వరుసకట్టేవి. గొంతు నొస్తే ఒకరు మిరియాలనేవారు, ఇంకొకరు పసుపు పాలనేవారు, దారిన పోయేవాళ్ళు కూడా ఆగి తమ వంతు చెప్పి వెళ్ళేవారు. దవడ కింద వాపు వస్తే మాత్రం ఊరందరిదీ ఒకటే మాట: "అవ్వ గుండ్లు తెచ్చి ఏయుండ్రి." అవ్వ అంటే మా నాయనమ్మ. బాపు ఆమెను అవ్వా అని పిలిచేవాడు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్ళం, మమ్మల్ని చూసి ఊరూ అలాగే పిలిచేది. గుండ్లంటే ఆమె పెళ్ళినాటి గొలుసు. శనగగింజలంత బంగారు గుండ్లను ఎర్రటి పట్టుదారానికి గుచ్చి కట్టినది. ఏ పిల్లకు గవదబిళ్ళలు లేచినా ఆ గొలుసు మా సందుగ పెట్టెలోంచి బయలుదేరి, ఆ పిల్ల మెడలో నాలుగు రోజులుండి, వాపు దిగాక మర్యాదగా ఇంటికి వచ్చేది. (మా ఇంట్లో నాకన్నా ఎక్కువ ఊరు తిరిగింది ఆ గొలుసే.)

మా వాడలో కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేను. నిజామాబాదులో పి.యు.సి., హాస్టలులో ఉండటం, రైల్లో రాకపోకలు. అంతటి గౌరవం తలకెక్కకుండా ఉంటుందా? దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ గొలుసు ఎవరి మెడలోనో చూసి అరుగు మీద నిలబడి ఉపన్యాసమే ఇచ్చాను. "బంగారానికి, బిళ్ళకు ఏం సంబంధమవ్వా? గదంత ఉత్తదే. సైన్సుల యాడ లేదు." అవ్వ చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండానే, "సైన్సుల మీ అవ్వ కూడ లేదు గద బిడ్డా" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం అజ్ఞానం మీద జాలిపడ్డట్టు ముఖం పెట్టుకున్నాను.

నన్ను కాలేజీలో చేర్చేటప్పుడు బాపు ఒకే ఒక షరతు పెట్టాడు. మా దగ్గరి చుట్టాలమ్మాయి ఒకతె అంతకుముందు ఏడు హాస్టలులో జబ్బుపడి, ఎవరికీ చెప్పక, చివరికి మంచం మీద ఇంటికి చేరింది. బతికింది గాని మళ్ళీ పుస్తకం ముట్టలేదు. అది బాపు మనసులో ముల్లై ఉండిపోయింది. "సూడు బిడ్డా, ఒంట్ల బాగ లేకుంటె పెట్టె సర్దుకొని ఇంటికి రావాలె. మల్ల పోవుడు లేదు. సదువు కన్న మనిషి ముఖ్యం" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ క్షణంలో నాకు ఒంట్లో బాగుండకపోవడమన్నది ఇతరులకు జరిగే విషయంగా తోచింది.

ఆ శీతాకాలం బాపు నన్ను చూడటానికి వస్తూ మా పొలంలో చెరుకు ఒక మోపు తెచ్చాడు. హాస్టలు పిల్లలు చుట్టూ మూగారు. వంటమనిషిని అడిగి కత్తి తెద్దామన్నారెవరో. "కత్తెందుకు? మా బోధన్ పిల్లలం పండ్లతోనే తీస్తం" అన్నాను నేను. అని ఊరుకోలేదు. గడను గణుపు దగ్గర విరిచి, మూలపంటికి పట్టించి, తొక్కను బారుగా ఒలిచి చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఇంకో గడ ఒలిచాను. మూడో గడకు తొక్క పెచ్చు ఒకటి ఎడమవైపు చివరి పంటి వెనక చిగుట్లో కసుక్కున దిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అన్ని కళ్ళు నన్ను చూస్తున్నప్పుడు బోధన్ పరువేం కావాలి? నవ్వుతూనే నాలుగో గడ అందుకున్నాను. రెండు రోజులు అటువైపు నమలలేకపోయాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

వారం తిరిగేసరికి జడ వేసుకుంటూ మెడ తడుముకుంటే ఎడమ దవడ ఎముక కింద ఏదో చేతికి తగిలింది. రేగుపండంత ఉంది. నొక్కితే నొప్పి. మళ్ళీ నొక్కాను. ఇంకా నొప్పి. ఆ పూట ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలియదు. మా గదిలో ఒక అమ్మాయి ఉండేది, అందరం ఆమెను డాక్టరమ్మ అనేవాళ్ళం. (అప్పటిదాకా ఆమె కోసింది ఒక్క కప్పనే. అదీ సగం.) డాక్టరమ్మ నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, మెడ తడిమి, లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివింది. చివరికి, "నీకు సాయంకాలాలు జ్వరం వస్తదా?" అని అడిగింది. లేదన్నాను. "అన్నం సయిస్తలేదా?" బాగానే సయిస్తున్నదన్నాను. ఆమె కొంచెం నిరాశపడినట్టు కనిపించింది. "అయినా కంఠమాల గావచ్చు. క్షయల ఒక రకం" అని మెల్లగా పుస్తకం మూసింది. ఆ మూసిన చప్పుడు నా చదువు మీద తలుపు మూసినట్టే వినిపించింది. జబ్బంటే చావు గుర్తుకు రావాలి గదా! నాకు ముందు బాపు షరతు గుర్తుకొచ్చింది. ఈ బిళ్ళ బాపు కంట పడిందా, నిజామాబాదు రైలు నాకిక లేదు.

సెలవులకు ఇంటికి పోక తప్పలేదు. మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని దిగాను. "సలి పెడుతున్నదా బిడ్డా?" అని అడిగింది అమ్మ. "నిజామాబాదుల అందరు గిట్లనే కట్టుకుంటరు" అన్నాను. పొద్దున సరే, మధ్యాహ్నం ఎండలో కూడా అలాగే కూర్చుంటే చెమట కారి వీపు దాకా పోయింది. గోడ వైపు తిరిగి అన్నం తినడం, కుడివైపే నమలడం, ఎవరూ లేనప్పుడు బిళ్ళ నొక్కి చూసుకోవడం, ఇదీ నా దినచర్య. మూడో రోజుకు అది మరింత పెద్దదైనట్టు అనిపించింది. అప్పుడు నేనొక పని చేశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ వాక్యం రాయడానికి కలం కాస్త ఆగుతోంది. అవ్వ కల్లంలోకి పోయిన సమయం చూసి, సందుగ తెరిచి, గుండ్ల గొలుసు తీసి, మఫ్లరు కింద మెడలో వేసుకున్నాను. సైన్సులో లేని సంగతి నాకు తెలుసు. కానీ సైన్సు డాక్టరమ్మ చేతుల మీదుగా నాకు కంఠమాల ఇచ్చింది. గొలుసు ఇంకా ఏమీ చెడ్డమాట అనలేదు.

మరునాడే పక్కింటి చిన్నమ్మ గడప దాటి వచ్చింది. "అత్తా, మా పోరికి రెండు దిక్కుల దవడలు వాసినయి. గుండ్లు గిట్ల ఇస్తవా?" అవ్వ లేచి సందుగ తెరిచింది. చీరలు తీసింది. అడుగున పరిచిన గుడ్డ దులిపింది. అమ్మ వచ్చి మళ్ళీ మొదటి నుంచి వెతికింది. బయటినుంచి బాపు వచ్చాడు. "ఏమైంది?" "గుండ్లు లెవ్వు కొడుకా." "లేకేం, యాడనో పెట్టి మరిసినవు." "నా పేరన్న మరుస్త గని గుండ్లు మరుస్తనా?" ఈ గొడవంతా జరుగుతుంటే నేను గుంజకు ఆనుకుని, మఫ్లరును ఇంకో చుట్టు బిగించాను. అదే నా పొరపాటు. అవ్వ చేతులు సందుగలోనే ఉన్నాయి, కళ్ళు మాత్రం నా మీద నిలిచాయి. తర్వాత చిన్నమ్మతో, "నువ్వు పో బిడ్డా. దొరుకుతయి. సాయంత్రం నేనే తెచ్చిస్త" అని పంపింది. నన్ను మాత్రం వెనకింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఇప్పు."

విప్పాను. గుండ్లు తళుక్కుమన్నాయి. నేను తిట్లకు సిద్ధపడి ఉంటే అవ్వ గొలుసు చూడనే లేదు, దాని పైనున్న వాపు చూసింది. నాకు ఏడుపు ఆగలేదు. "అవ్వా, నాకు క్షయనట. బాపుకు చెప్పకు. కాలేజీ మాన్పిస్తడు. చచ్చిపోయినా మంచిదే గని మాన్పిస్తడు" అని ఏదేదో అన్నాను. (ఆ రెంటిలో ఏది ముందు జరిగితే ఏది జరగదో కూడా ఆలోచించలేదు.) అవ్వ నా తల వంచి, రెండు వేళ్ళతో బిళ్ళను అటూ ఇటూ కదిపింది. "నొస్తున్నదా?" నొస్తున్నదన్నాను. "జరుగుతున్నది సూడు. మెత్తగున్నది. మరి పుండు ఏడుంది?" పుండేమీ లేదన్నాను. "పుండు లేంది బిళ్ళ గట్టదు. మీ బాపుకు కాలుకు కొర్రు దిగినపుడు గజ్జల బిళ్ళ కట్టలేదా? తూము కాడ నీళ్ళు ఉబ్బినయంటే తూముది తప్పు గాదు బిడ్డా, ఏడనో చెత్త అడ్డం పడ్డది. కాలువెంబడి పోయి సూడాలె. నోరు తెరువు." సంతలో ఎద్దు పండ్లు చూసే చేయి అది. పెదవి లాగి, వెలుతురుకు తిప్పి చూసి, "ఓ నీ అయ్య!" అంది. "చిగురంత వాసింది. లోపట ఏందో ఉన్నది. ఏం తిన్నవే?"

అవ్వ బయటికి పోయి బాపుతో, "కొడుకా, కచ్చరం బండి కట్టు. పిల్లను దవఖానకు తీస్కపోవాలె" అంది. గుండ్లు దొరికినయని కూడా ఆ మాట వెంటే చెప్పి తేల్చేసింది. బోధన్ దాకా బాపు ఎద్దులను ఎక్కడా ఆపకుండా తోలాడు. అక్కడి డాక్టరు గారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారు, కాలువ కింద పొలాలు కొన్నవారి బంధువు. అద్దం పెట్టి నోట్లోకి చూసి, సన్నని చిమటాతో చిగుట్లోంచి ఏదో లాగారు. నా అరుపు ఫ్యాక్టరీ సైరనుకు పోటీ వచ్చింది. తెల్లటి దూది మీద పెట్టి చూపించారు. గోరంత పొడుగు చెరుకు పెచ్చు.

"ఏమ్మా, చెరుకు ఒలవడానికి మీ ఊళ్ళో కత్తులు దొరకవా?"

నేను తల దించుకున్నాను. అప్పుడాయన బాపుకు నింపాదిగా చెప్పారు. "కంగారేం లేదండీ. దవడ కిందా మెడ పక్కనా ఇలాంటి గ్రంథులు అందరికీ ఉంటాయి. దగ్గర్లో పన్నో గొంతో పుండైతే అవి ఉబ్బుతాయి, వాటి పనే అది. కారణం పోయాక మెల్లమెల్లగా తగ్గుతాయి, రెండు మూడు వారాలు పట్టినా పట్టొచ్చు. రాయిలా గట్టిపడి, కదలకుండా పెరుగుతుంటేనో, విడవని జ్వరంతో మనిషి చిక్కిపోతుంటేనో మాత్రం ఆలస్యం చెయ్యకండి." ఆ మీదట నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం దాన్ని ఊరికే నొక్కకు తల్లీ. సగం వాపు నీ వేళ్ళదే" అన్నారు. అవ్వ పక్కనుంచి, "తూము ముచ్చట నేను పొద్దుగాల్నే చెప్పిన సారూ" అంది. తూమేమిటో ఆయనకు అర్థం కాలేదు, అయినా మర్యాదగా తలూపారు.

తిరుగు దారిలో బాపు ఎద్దుల వైపే చూస్తూ అన్నాడు. "బిళ్ళకు నాకు కోపం లేదు. దాసిపెడితివి గద, గదే." నాకు ఏడుపొచ్చింది. "నువ్వు కాలేజీ మాన్పిస్తవని…" అన్నాను. "మాన్పిస్తనంటె దాస్తవా? మరి నా మాట నిన్ను కాపాడిందా, పాడు జేసిందా?" అని తనలో తను అనుకున్నట్టు అని, చాలా దూరం పోయాక, "షరతు తీసేస్తున్న. ఒంట్ల బాగ లేకుంటె చెప్పు. మంచిగైనంక మల్ల పో" అన్నాడు. తర్వాతి నెల హాస్టలుకు వచ్చినప్పుడు మోపు తేలేదు. మూతపెట్టిన స్టీలు డబ్బా తెచ్చాడు. దానినిండా తొక్క తీసి, గణుపులు కోసేసి, వేలంత ముక్కలు చేసిన చెరుకు. డాక్టరమ్మ రెండు ముక్కలు నోట్లో వేసుకుని, "నేను గావచ్చు అన్న గని, అయ్యింది అనలేదు" అంది.

దవఖాన నుంచి వచ్చిన సాయంత్రమే, గొలుసు చిన్నమ్మ ఇంటికి తీసుకుపోతున్న అవ్వను ఆపి, "పుండు సంగతి అంత ఎరికై, ఈ గొలుసెందుకవ్వా మరి?" అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. "గుండ్లు బిళ్ళకని ఎవలు చెప్పిండ్రు? మెడల బంగారముంటె పోరిని బయటికి తోలరు, కండ్ల ముంగట కూసుండబెట్టుకుంటరు. గుండ్లతోని ఆడుకునే చేయి బిళ్ళను గెలకదు. గంతే."

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, మా పాపకు పోయిన వారం జలుబు చేసి, గొంతు నొచ్చి, దవడ కింద చిన్న బిళ్ళ కట్టింది. డాక్టరు చూశారు. కదులుతోంది, పాప ఆడుతోంది, తింటోంది, కొన్నాళ్ళు చూద్దామన్నారు. అంతా నాకు తెలిసిందే. అయినా ఇవాళ్టికి దాన్ని ఎన్నిసార్లు తడిమానో. సాయంత్రం పాపే నా చేయి తోసేసి, "అమ్మా, ఇంక సాలు" అంది. అవ్వ పోయాక గుండ్లు నాకు వచ్చాయి. పాప నిద్రపోయాక బీరువా తెరిచి తీశాను. పట్టుదారం రంగు వెలిసింది గాని గుండ్లు అలాగే ఉన్నాయి. పాప మెడలో వేయలేదు. నా మెడలో వేసుకుని, ఈ కాగితాల ముందు కూర్చున్నాను. కుడిచేయి రాస్తోంది. ఎడమచేయి ఒక్కొక్క గుండునూ తిప్పుతూ, బుద్ధిగా తన పని తాను చేసుకుంటోంది.