తొర్రలో బాలింత

నా రెండో కాన్పు పెనుకొండలో, అత్తగారింట్లోనే జరిగింది. అమ్మ అప్పటికే పోయింది, పుట్టింట్లో చేసేవాళ్లు లేరు. మా అత్త నన్ను చీకటి గదిలో పడుకోబెట్టి తలుపు మూసింది. అన్నం కంచం తలుపు సందులోంచి లోపలికి తోసేది. బాలింతకు గాలి సోకకూడదట. తనకు మాత్రం ఊళ్లో గాలంతా కావాలి.

గదికి ఒక్కటే కిటికీ, జానెడంత. దాంట్లోంచి పెరటి చింతచెట్టు కనిపించేది. ఆ వేసవిలో మా వైపు ఎవరూ ఎన్నడూ చూడని పక్షి ఒకటి దాని మీదికి వచ్చింది. గద్దకన్నా పెద్దది, పసుపుపచ్చ ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో ముక్కు. చెట్టు మానులో ఉన్న తొర్ర మట్టితో మూసి ఉండేది, మధ్యలో సన్నటి చీలిక. పక్షి రోజంతా మేడిపండ్లు తెచ్చి ఆ చీలికలో పెట్టేది. "చెట్టుకు కూడు పెడతాంది, పిచ్చి ముండ" అని అత్త అంటే ఇల్లంతా నవ్వింది.

నాకు పాలు పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. అడవి పిట్ట మాంసం పెడితే పాలు పడతాయని అత్త అన్నదే తడవు, మా ఆయన నాటు తుపాకి తెచ్చి ఆ పక్షిని కొట్టాడు. కూర నీచువాసన. తిన్నాను, చుక్క పాలు రాలేదు. ముక్కును మాత్రం ఆయన వీధి గుమ్మానికి వేలాడదీశాడు, పులిని చంపినంత గొప్పగా.

హిందూపురం సంతకు వక్కలు తెచ్చే మలెనాడు కొండల మనిషి మా ఊళ్లోనూ అమ్ముకుంటూ మా ఇంటికి వచ్చి, ఆ ముక్కు చూసి నిలబడిపోయాడు.

"మంగట్టె గదప్పా ఇది! మా అడివిలో ఉండేది, ఈడికెట్ల వచ్చె? ఆడది తొర్రలో గుడ్లు పెట్టి మట్టితో మూసుకోని కూచుంటాది. మొగుడు తెచ్చి పెడితేనే దానికి కూడు."

ఆ మాట గదిలోకి వినబడింది. కిటికీలోంచి చూస్తే, చీలికలోంచి ముక్కు కొన బయటికి వచ్చి, అటూ ఇటూ వెతికి, లోపలికి పోతోంది. తలుపు బాదాను.

"దాని మొగున్ని నువ్వే కొడితివి, నువ్వే పోయి తొర్ర తియ్యయ్యా. నీ కాళ్లు మొక్కుతా!"

"అది సస్తే నీకేమొచ్చె? పండుకో" అంది అత్త.

రెండు పూటలు ఏడ్చాను. నా పోరు పడలేక ఆయన గడ్డపార తీసుకుని చెట్టెక్కాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది. మట్టి రాలింది, గుడ్లు చితికి బోదె వెంట కారాయి. ఆడపక్షిని బయటికి తీసి కొమ్మ మీద వదిలాడు. దాని రెక్కల్లో పెద్ద ఈకలన్నీ తొర్రలోనే రాలిపోయి ఉన్నాయి. ఎగరబోయి నేల మీద పడింది. లేచి, గెంతి, మళ్లీ పడింది. పారిపొమ్మని కిటికీలోంచి అరిచాను.

ఆయన నిదానంగా దిగివచ్చి, దాన్ని కాళ్లు పట్టి ఎత్తి చూశాడు.

"అమ్మా, ఇదీ బాగానే ఉండాది. పొయ్యి అంటించు."

సాయంత్రం తలుపు సందులోంచి కంచం లోపలికి వచ్చింది. బిడ్డ ఏడుస్తోంది. తిన్నాను.

ఈసారి పాలు పడ్డాయి.